జటలు తడవడం వేరు, తడిగా ఉండిపోవడం వేరు

ఏప్రిల్ వచ్చిందంటే తిరుపతిలో ఈత కొలనుల దగ్గర పిల్లల కేకలు, నా బల్ల మీద ఉత్తరాలు ఒకేసారి పెరుగుతాయి. ఏటా క్లోరిన్ వల్ల జుట్టు ఊడుతుందా అని అడిగేవారే ఎక్కువ. ఈసారి జటలు, అంటే డ్రెడ్‌లాక్స్ కట్టించుకున్నవాళ్లు వరుసగా రాశారు. అందుకే ఈ సంచిక వాళ్లకే వదిలేస్తున్నాను. చుండ్రు, తెల్లవెంట్రుకల వాళ్లు ఒక నెల ఓపిక పట్టండి.

ఈ ఊరికి జటలు కొత్త కాదు. 1843 నుంచి 1933 దాకా తిరుమల ఆలయ నిర్వహణ హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉండేది. ఉత్తరాది బైరాగులు జటలతో తిరిగిన వీధులివి. నా క్షవర దుకాణం ఉన్న పేట పేరే బైరాగిపట్టెడ. అయితే ఆ బైరాగులెవరూ జటలు ముడి వేసుకుని టికెట్టు కొని క్లోరిన్ నీళ్లలో దూకలేదు. ఆ తంటా మన కాలానిది.

*

ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. బెంగళూరులో డ్రెడ్‌లాక్స్ చేయించుకుని ఏడాది దాటింది. వారానికి నాలుగు రోజులు సాయంత్రం ఆరు గంటల బ్యాచ్‌లో ఈతకు వెళ్తున్నాను. కొన్నాళ్లుగా దిండు మీద తల పెడితే ఒక రకమైన ముక్కిన వాసన వస్తోంది. రెండు షాంపూలు మార్చినా పోలేదు. ఇది క్లోరిన్ వల్లేనా? ఈతకు ముందు ఏ నూనె రాసుకోవాలి?
— ఒక విద్యార్థి, ఎం.ఆర్.పల్లి, తిరుపతి

మా అబ్బాయి ఈడువాడివి కాబట్టి నువ్వనే అంటాను, ఏమీ అనుకోకు. ఈ వాసన క్లోరిన్‌ది కాదు. క్లోరిన్ ఘాటు ముక్కును చురుక్కుమనిపిస్తుంది, బాగా కడిగితే పోతుంది. నువ్వు చెబుతున్నది తడి లోపలే నిలిచిపోతే పుట్టే బూజు వాసన. పైపైన రుద్దే షాంపూ ఎన్ని మార్చినా అది కదలదు. నీ ఉత్తరంలో నాకు దొరికిన నేరస్థుడు సాయంత్రం ఆరు గంటల బ్యాచ్.

ఏడు గంటలకు నీళ్లలోంచి బయటికి వస్తావు. తువ్వాలుతో నాలుగు రుద్దులు రుద్ది, జటలన్నీ కలిపి ముడి వేసి, దాని మీద హెల్మెట్ పెట్టుకుని ఇంటికి చేరతావు. తిని, చదువుకుని, లేదా చదువుకుంటున్నట్టు ఫోను పట్టుకుని, పదకొండు గంటలకు పడుకుంటావు. వేలి లావు జటలు గాలికి ఆరడానికి ఆ నాలుగు గంటలు చాలవు. ముడి వేస్తే అసలే చాలవు. జట పరుపు లాంటిది. పైన చెయ్యి పెడితే పొడిగానే ఉంటుంది, లోపలి దూది మాత్రం తడి. ఆ తడి పూర్తిగా పోకముందే మళ్లీ నీళ్లలో దిగుతున్నావు.

వెంట్రుక ఒక్కటే తన బరువులో దాదాపు మూడో వంతు నీటిని పీల్చుకోగలదు. జటలో అలాంటివి వందలు పెనవేసుకుని ఉంటాయి, వాటి సందుల్లో నిలిచే నీళ్లు అదనం. శివుడి జటాజూటంలోంచి గంగ అన్నాళ్లు బయటికి రాలేకపోయిందంటే నాకేమీ ఆశ్చర్యం లేదు. కపిలతీర్థం శివాలయానికి వెళ్లినప్పుడల్లా అదే అనుకుంటాను. ఆయనకు పడిశం పట్టదు, మనకు పడుతుంది.

అందుకే నీకు మొదటి మందు, ఉదయం బ్యాచ్‌కు మారడం. పొద్దున ఏడింటికి తడిసిన జటకు పగలంతా ఉంది. తరగతులతో అది కుదరకపోతే సాయంత్రం ఈత తర్వాత ఆరబెట్టడానికే గంట కేటాయించాలి. అదీ కుదరదంటే వారానికి నాలుగు రోజులను రెండుకు తగ్గించు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు మన జిల్లాలను వదలవు, దుప్పట్లే ఆరవు. ఆ నెలల్లో సాయంత్రం ఈత పూర్తిగా మానుకోమంటాను.

ఆరబెట్టడమంటే రుద్దడం కాదు. టర్కీ తువ్వాలు వద్దు, దాని నూగంతా జటలకు అంటుకుని ఎప్పటికీ వదలదు. పాత నూలు పంచె ముక్కలు రెండు సంచిలో పెట్టుకో. మూడు నాలుగు జటలు కలిపి పట్టుకుని, కుదుళ్ల దగ్గర మొదలుపెట్టి చివరిదాకా గుప్పిటతో పిండుకుంటూ రా. మెలితిప్పకు. తడిసిన వెంట్రుక సాగుతుంది, అప్పుడు లాగితే తెగుతుంది. ఒక గుడ్డ తడిసిపోయాక రెండోది తీసుకో. ఆ తర్వాత హెయిర్ డ్రయర్‌ను చల్లగాలి మీద పెట్టి ముందు మాడు ఆరబెట్టు. అందరూ కనిపించే చివర్లతో మొదలుపెడతారు. చివర్లు వాటంతటవే ఆరతాయి, మెడ వెనక కుదుళ్లే ఆరవు. ఆరిందో లేదో తెలియాలంటే అన్నింటికంటే లావుగా ఉన్న జటను మధ్యలో గట్టిగా నొక్కి చెంపకు ఆనించి చూడు. చల్లగా తగిలితే లోపల ఇంకా నీళ్లున్నాయి.

హెల్మెట్ మానేయమని నేను చెప్పను, చెప్పకూడదు కూడా. కానీ తడి తల మీద హెల్మెట్ పెడితే లోపల ఆవిరి పట్టి, చెమట కలిసి, బూజుకు పండగే. ఈత కొలను దగ్గరే కూర్చుని మాడు వరకైనా ఆరనిచ్చి, పలుచటి నూలు గుడ్డ కట్టుకుని దానిపై హెల్మెట్ పెట్టుకో. జటలను కిందికి వదిలెయ్యి, ముడి వేయకు.

ఇక ఇప్పటికే పట్టిన వాసన సంగతి. ఈత లేని రోజు, ఎండ ఉన్న రోజు, పొద్దున్నే మొదలుపెట్టు. మీగడలా కాక నీళ్లలా కనిపించే షాంపూను మగ్గు నీళ్లలో కలిపి జటల మీద పోసి, పిండి, కడుగు. తర్వాత ఒక వంతు వెనిగర్‌కు నాలుగు వంతుల నీళ్లు కలిపి, కళ్లలో పడకుండా జటలను పది నిమిషాలు అందులో నానబెట్టు. మాడు మీద పుండు గానీ గీతలు గానీ ఉంటే వెనిగర్ జోలికి పోవద్దు. మళ్లీ ధారగా కడుగు, నీళ్లు తేటగా కారేదాకా. సాయంత్రం దాకా ఫ్యాను కింద, నీడలో ఆరనివ్వు. రెండు మూడు వారాలు ఇలా చేశాక కూడా ఏదో ఒక్క జట మాత్రమే వాసన వేస్తుంటే, దాన్ని వేళ్లతో కొంచెం విడదీసి చూడు. లోపల బూడిద రంగు పొడి కనిపిస్తే ఆ ఒక్కదాన్ని కత్తిరించెయ్యి. ఒక జట పోతే ఎవరికీ తెలియదు, వాసన మాత్రం తరగతిలో అందరికీ తెలుస్తుంది. మాడు దురద పెట్టినా, రసి కారినా నా దగ్గరికి కాదు, చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి.

నూనె అడిగావు. కొబ్బరి నూనె వెంట్రుక లోపలికి దిగి, కడిగేటప్పుడు మాంసకృత్తులు పోకుండా కొంత కాపాడుతుందని, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయలేవని 2003లో అచ్చయిన మన దేశపు పరిశోధన ఒకటి తేల్చింది. మన అమ్మమ్మలు సంతోషించదగ్గ మాటే. కానీ విడిగా ఉన్న జుట్టుకు పట్టించిన నూనె కడిగితే పోతుంది. జటలోకి దిగిన నూనె పోదు. అక్కడే దుమ్ముతో కలిసి మడ్డి అవుతుంది, కొన్నాళ్లకు కమరుతుంది. చివర్లకు రెండు చుక్కలు అరచేతిలో రాసి అద్దుకో, చాలు. ఆదివారం తలంటు పేరుతో ఇంట్లోవాళ్లు గిన్నెడు నువ్వుల నూనె పోయబోతే పారిపో.

నూనె కంటే బాగా పనిచేసేది ఉచితంగా దొరుకుతుంది. పొడి జుట్టు తనకు ముందు ఏ నీళ్లు దొరికితే వాటినే తాగుతుంది. కొలనులో దిగే ముందే షవర్ కింద నిలబడి జటలను మంచినీళ్లతో పూర్తిగా నానబెడితే, క్లోరిన్ నీళ్లకు లోపల చోటు తగ్గుతుంది. బయటికి వచ్చిన వెంటనే మళ్లీ అయిదు నిమిషాలు కడుగు. ఘాటు ఇంకా వదలకపోతే లీటరు నీళ్లలో పావు చెంచా విటమిన్ సి పొడి కలిపి పోసుకుని, ఆ తర్వాత మామూలు నీళ్లతో కడిగెయ్యి. క్లోరిన్‌ను అది విరిచేస్తుంది. చప్పరించే నారింజ రంగు బిళ్లలు నూరవద్దు, వాటిలో చక్కెర, రంగు ఉంటాయి. నిమ్మకాయ పిండుకుని ఎండలో తిరగడం ఇంకా చేటు, చర్మం కమిలిపోతుంది.

ఇంట్లో బోరు నీళ్లయితే ఒక్క మాట. చవ్వ నీళ్లలోని సున్నం జటల్లో తెల్లటి పొడిలా పేరుకుంటుంది. కల్యాణి డ్యామ్ నీళ్లో, తెలుగుగంగ నీళ్లో కుళాయికి వచ్చే రోజున పట్టి ఉంచుకుని, చివరి రెండు చెంబులు వాటితో పోసుకో.

*

మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట. నడుము దాకా ఉన్న జుట్టుకు రెండు నెలల కిందట క్రోషే సూదితో డ్రెడ్‌లాక్స్ కట్టించుకున్నాను. వేసవిలో మహిళల బ్యాచ్‌లో ఈత నేర్చుకుందామని చేరాను. ఈత టోపీ తలకు ఎక్కడం లేదు. ఎలాగో ఎక్కించినా జుట్టు తడిసిపోతోంది, కుదుళ్లు విడిపోతున్నాయి. మంచి టోపీ పేరు చెప్పగలరా?
— ఒక అధ్యాపకురాలు, చిత్తూరు

అమ్మా, టోపీ కంటే ముందు తొందర గురించి మాట్లాడుకుందాం. మన జుట్టు చాలామందికి తిన్నగా, నున్నగా ఉంటుంది. ఉంగరాల జుట్టు తనంతట తాను పెనవేసుకుంటుంది, మనది పెనవేసినా జారిపోతుంది. అది గట్టిపడటానికి ఏడాది కూడా పట్టవచ్చు. రెండు నెలల జటను గంట సేపు నీళ్లలో ఆడిస్తే కుదుళ్ల దగ్గర విడిపోక ఏం చేస్తుంది? ఇందులో కట్టినవాళ్ల తప్పు లేదు, నీళ్ల తప్పూ లేదు. వీలైతే ఈ వేసవి వదిలేయండి. చేరిపోయాను, డబ్బు కట్టాను అంటారా, అయితే ఈతకు వెళ్లే ముందు జటలన్నింటినీ నాలుగైదు వదులు జడలుగా అల్లుకుని, చివర్లకు గుడ్డ చుట్టిన రబ్బరు పెట్టుకోండి. విడి జటలు నీళ్లలో ఒకదానితో ఒకటి రాసుకుంటాయి, అల్లినవి అంతగా కదలవు. విడిపోయిన కుదుళ్లను ఈత అయిన రోజే సూదితో బిగించవద్దు. తడి జుట్టును సూది తెంపుతుంది. పూర్తిగా ఆరాక, నెలకొకసారి చేయించుకుంటే చాలు.

టోపీ తడి ఆపుతుందని ఎవరు చెప్పారో గానీ, ఏ టోపీ ఆపదు. జుట్టును ఒక దగ్గర పట్టి ఉంచడం, నీళ్లు అదేపనిగా లోపలికి బయటికి తిరగకుండా చూడటం, అంతవరకే దాని పని. లేటెక్స్ టోపీ జటలను పట్టుకుని లాగుతుంది, చిరుగుతుంది. లైక్రా మెత్తగా ఉంటుంది గానీ జల్లెడే. మీకు కావలసింది పెద్ద సైజు సిలికాన్ టోపీ. దుకాణంలో మామూలుగా పెట్టేవి పొట్టి క్రాపు తలలకు చేసినవి. పొడవు జుట్టుకు, జటలకు అని ప్రత్యేకంగా అడిగితే, లేదా ఆన్‌లైన్‌లో వెతికితే దొరుకుతాయి.

ఈ టోపీల వెనక ఒక పెద్ద గొడవే ఉంది. లండన్‌కు చెందిన సోల్ క్యాప్ అనే సంస్థ ఒత్తు జుట్టుకు, జటలకు సరిపోయే పెద్ద టోపీలు చేస్తుంది. 2021లో, సరిగ్గా టోక్యో ఒలింపిక్స్ ముందు, అంతర్జాతీయ ఈత సమాఖ్య వాటికి పోటీల్లో అనుమతి ఇవ్వలేదు. తల సహజ ఆకారానికి తగినట్టు లేవన్నది ఒక కారణం. ఎవరి తల సహజం, ఎవరిది కాదు అని ప్రపంచమంతా తగులుకుంది. అదే ఒలింపిక్స్‌లో ఆలిస్ డియరింగ్ పది కిలోమీటర్ల మారథాన్ ఈతలో పోటీ చేసి, ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున ఈదిన తొలి నల్లజాతి మహిళ అయింది. ఆమె ఆ టోపీల సంస్థతో కలిసి పనిచేసిన మనిషి. 2022 సెప్టెంబరులో సమాఖ్య దిగివచ్చి అనుమతి ఇచ్చింది. కాబట్టి మీ శిక్షకురాలు ఇదేం టోపీ అంటే అంతర్జాతీయ ఈత సమాఖ్యే ఒప్పుకుందని చెప్పండి.

ఎక్కించే పద్ధతి: జటలను నడినెత్తిన కొప్పు పెట్టకండి, టోపీ అక్కడే జారుతుంది. మెడ పైభాగాన చుట్టి, టోపీ లోపల నీళ్లతో తడిపి, నుదుటి నుంచి వెనక్కి లాగండి. మొదట్లో ఇంకొకరి సాయం కావాలి. టోపీ విప్పిన వెంటనే జటలు విప్పేయండి, ఆ బిగింపుతోనే ఇంటికి వెళ్లవద్దు. తడి జటల బరువుకు బిగింపు తోడైతే నుదుటి దగ్గర, కణతల దగ్గర వెంట్రుకలు కుదుళ్లతో సహా పలచబడతాయి. అలా పలచబడిన చోట మళ్లీ రావడం కష్టం.

ఇంకొకటి, దీన్ని తేలికగా తీసుకోకండి. కొలను అడుగున నీళ్లు లాగే కంత ఉంటుంది. దాని మూత విరిగి ఉన్నా, ఊడి ఉన్నా పొడవు జుట్టును లోపలికి లాగేసి మనిషిని పైకి రానివ్వదు. అమెరికాలో 2007లో ఈ కంతల మూతల కోసమే ఒక చట్టం చేయవలసి వచ్చింది. మొదటి రోజే మూత ఎక్కడుందో చూసుకోండి, విరిగి ఉంటే నీళ్లలో దిగకండి. బాగున్నా జుట్టు విరబోసుకుని దాని దగ్గరికి మునగవద్దు.

*

మేము ఒక చిన్న ఈత కొలను నడుపుతున్నాం. జటలున్న కుర్రాడొకడు వస్తున్నాడు. మిగతా పిల్లల తల్లిదండ్రులు ‘అతను దిగిన నీళ్లలో మా పిల్లలు దిగాలా’ అంటున్నారు. ఫిల్టర్లు పూడిపోతాయేమో అని మాకూ అనుమానం. రావద్దని చెప్పేయవచ్చా?
— పేరు రాయవద్దన్నారు, చిత్తూరు

అయ్యా, మీ ఫిల్టర్ తీసి చూడండి. అందులో చిక్కుకున్నవి ఎవరి వెంట్రుకలు? మనిషి తలనుంచి రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలుతాయి. మామూలు జుట్టువాళ్లవి రాలి నీళ్లలో పడతాయి. జటలున్నవాళ్లవి రాలినా జటలోనే చిక్కుకుని ఉండిపోతాయి. ఆ లెక్కన మీ ఫిల్టర్‌కు మేలు చేస్తున్నది ఆ కుర్రాడే.

జటలంటే తల కడగనివాళ్లని అనుకోవడం పాత అపోహ. కడిగేవాళ్లు, కడగనివాళ్లు అన్ని రకాల జుట్టులోనూ ఉన్నారు. మీరు నియమం పెట్టండి, కానీ అందరికీ ఒకటే పెట్టండి: దిగే ముందు సబ్బుతో స్నానం, తలకు టోపీ, ఒంటికీ తలకూ నూనె వద్దు. కొలను దగ్గర ముక్కు మండే వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందని అంటారు. నిజానికి అది చాలావరకు క్లోరిన్‌లో చెమట, మూత్రం కలిసి పుట్టే వాసన. అది ఒక్క జటల కుర్రాడి పుణ్యం కాదు. నీళ్లలో క్లోరిన్ లీటరుకు ఒకటి నుంచి మూడు మిల్లీగ్రాములు, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉందో లేదో రోజూ చూసి, ఆ అంకెలు పలక మీద రాసి గేటు దగ్గర పెట్టండి. అడిగే తల్లిదండ్రులకు పలక చూపించండి.

*

మా అవ్వకు డెబ్భై దాటాయి. కుప్పం దగ్గర పల్లెలో ఉంటుంది. ఎన్నో ఏళ్ల కిందట జుట్టు దానంతటదే జడలు కట్టింది, అమ్మవారు వచ్చిందని తీయలేదు. ఇప్పుడు మొత్తం ఒకే ముద్దగా, బరువుగా ఉంది. 2027లో గోదావరి పుష్కరాలకు తీసుకెళ్లమని ఇప్పటి నుంచే అడుగుతోంది. నదిలో మునిగితే అవ్వకు ఏమైనా అవుతుందేమోనని భయం.
— ఒక మనవరాలు

తల్లీ, ముందుగా, ఆ జడలు తీయించమని నేను చెప్పను. అది అవ్వ తల, అవ్వ నమ్మకం. నా దగ్గరికి తీసుకొచ్చి, ఆమెకు తెలియకుండా కొంచెం కత్తిరించమని గుసగుసగా అడిగేవాళ్లున్నారు. వాళ్లను వచ్చిన దారినే పంపిస్తాను.

భయపడవలసింది బరువుకు. ఒకే ముద్దగా ఉన్న జుట్టు నీళ్లు తాగితే ఎంత బరువెక్కుతుందో ఎత్తి చూస్తే గానీ తెలియదు. డెబ్భై ఏళ్ల మెడ ఆ బరువుతో నదిలోంచి ఒక్కసారిగా లేస్తే నరం పట్టేస్తుంది, లేదా తూలి పడుతుంది. ఆ గుంపులో, ఆ మెట్ల మీద తూలడం మాటలు కాదు. రెండో చిక్కు ఎండ లేకపోవడం. 2015 పుష్కరాలు జూలైలో వచ్చాయి, 2027లోనూ వానల కాలమే. అవ్వ తల ఆరడానికి ఒక పగలు చాలకపోవచ్చు.

నా సలహా ఇది. భుజాల దాకా దిగనివ్వు, ఇద్దరు చెరో చెయ్యి పట్టుకోండి. తల మీద మూడు దోసిళ్లు చల్లితే ప్రోక్షణ అవుతుంది. అది సరిపోతుందా లేదా అన్నది మీ పురోహితుణ్ణి అడుగు, ఆయన మాట అయితే అవ్వ వింటుంది. లేదు, మునగాల్సిందే అని పట్టుబడితే, బయటికి రాగానే జడలను భుజం మీదుగా ముందుకు తెచ్చి, కింద నీ చేతులతో ఆనుకుని పిండు. మెడ మీద బరువు పడకుండా చూడటం ముఖ్యం. రాత్రికి రాత్రే రైలెక్కే ప్రయాణం పెట్టుకోకు. బసలో ఒక పగలు ఫ్యాను కింద కూర్చోబెట్టు.

సాంబ్రాణి వేద్దామని ఎవరైనా అంటారు. విడి జుట్టుకు అది సుఖమే. ఆ ముద్దలోకి మాత్రం పొగ, మసి పోతాయి, బయటికి రావు. నిప్పురవ్వ ఎగిరితే పైన మాడినట్టు కూడా తెలియకుండా లోపల రాజుకుంటుంది. వద్దు.

ప్రయాణానికి చాలా ముందే, వీలైతే ఈ నెలలోనే, ఆమె మాడును వెలుతురులో పాయ పాయగా కాకపోయినా అంచుల వెంట చూడు. ఎరుపు, పుండ్లు, పేలు ఉంటే ముందు వాటికి వైద్యం. అవ్వ నొప్పి చెప్పదు, దిండు మీద మచ్చలు చెబుతాయి.

*

జటల చివర్లకు బంగారు రంగు వేయించుకున్నాను. నెల రోజుల ఈత తర్వాత ఆకుపచ్చగా కనిపిస్తున్నాయి. క్లోరిన్‌కు రంగు మారిందా?
— మదనపల్లె

క్లోరిన్ మీద పడే నిందల్లో ఇదొకటి. ఆకుపచ్చ రాగిది. నాచు పట్టకుండా కొలనులో వేసే కొన్ని మందుల్లోంచి, రాగి గొట్టాల్లోంచి అది నీళ్లలోకి వస్తుంది. రంగు కోసం బ్లీచ్ చేసిన వెంట్రుక డొల్లగా ఉంటుంది కాబట్టి దానికి తేలికగా పడుతుంది. ఈతగాళ్ల కోసమని అమ్మే షాంపూల్లో లోహాలను పట్టి లాగే పదార్థం ఉంటుంది, అట్ట మీద ఈడీటీఏ అని చూసి కొనండి. వారానికి ఒకసారి మించి వద్దు.

*

తలకోన జలపాతం కింద, మా ఊరి వ్యవసాయ బావిలో, అప్పుడప్పుడు తూపిలిపాళెం సముద్రంలో ఈదుతుంటాను. వీటిలో క్లోరిన్ లేదు కదా, జటలకు ఏమీ చేయనక్కర్లేదంటాడు మా స్నేహితుడు. కుంకుడు రసం, సీకాయ వాడవచ్చా?
— శ్రీకాళహస్తి

మీ స్నేహితుడికి జటలున్నాయా? ఉండవనుకుంటాను.

సముద్రపు నీళ్లలో లీటరుకు దాదాపు ముప్పై అయిదు గ్రాముల ఉప్పు ఉంటుంది. ఉప్పు జటలను గట్టిగా పెనవేస్తుంది, కొత్తగా కట్టినవాళ్లు దాన్ని ఇష్టపడతారు. కడగకుండా వదిలేస్తే అదే ఉప్పు వెంట్రుకను పుల్లలా ఎండబెట్టి విరుస్తుంది. ఇసుక సంగతి వేరే చెప్పాలా? ఆరాక జటలను వేళ్ల మధ్య దొర్లించి దులపండి, తడి ఇసుకను కడిగితే ఇంకా లోపలికి పోతుంది. దులిపిన తర్వాతే కడగాలి.

తలకోనలో ధార సుమారు 270 అడుగుల ఎత్తునుంచి పడుతుంది. దానితో పాటు పుల్లలు, ఆకులు, గులకరాళ్లు వస్తాయి. తల సరిగ్గా ధార కింద పెట్టకండి. జటలో ఇరుక్కున్న కుళ్లిన ఆకు వారం తర్వాత గానీ బయటపడదు. బావి దగ్గర నాకున్న భయం వేరు. సొరకాయ బుర్ర నడుముకు కట్టుకుని ఈత నేర్చిన బావుల్లో ఇప్పుడు మోటారు గొట్టాలు, తాళ్లు, వైర్లు వేలాడుతున్నాయి. విడి జటలు వాటికి చుట్టుకోవచ్చు. అల్లుకుని, బిగించుకుని, పైన ఒక మనిషిని పెట్టుకుని దిగండి. మోటారు ఆపించండి.

కుంకుడు కాయలు నానబెట్టి పిసికి, పలుచటి గుడ్డలో రెండుసార్లు వడకట్టిన రసం అయితే వాడవచ్చు. సీకాయ పొడి, మందార ఆకు ముద్ద, గోరింటాకు, శనగపిండి ఏవీ వద్దు. విడి జుట్టులోంచి రాలిపోయే పొడి జటలో స్థిరనివాసం ఏర్పరుచుకుంటుంది.

*

మొక్కు ఉంది. వచ్చే నెల తిరుమలలో జటలు తీయించుకుంటాను. మరుసటి రోజే ఈత పోటీ ఉంది. దిగవచ్చా?
— తిరుపతి

మా నాన్న తిరుమల కల్యాణకట్టలో కత్తి పట్టిన మనిషి. ఆయన దగ్గర నేను నేర్చినదేమిటంటే, జటల మీద నేరుగా కత్తి నడవదు. కూర్చోగానే జటలున్నాయని చెప్పండి, ముందు కత్తెరతో కుదుళ్ల దాకా కత్తిరించి, ఆ తర్వాత తడిపి గీయడం సులువు. తల తడిపాక గొరిగించుకోక తప్పదన్నారు, కాబట్టి సందేహాలేవైనా ఉంటే తడపకముందే తీర్చుకోండి.

మరుసటి రోజు ఈత అంటే, గాట్లు పడకపోతే ఫరవాలేదు. పడితే క్లోరిన్ భగ్గున మండుతుంది, గాట్లు మానేదాకా రెండు మూడు రోజులు ఆగడం మేలు. పోటీ వాయిదా పడదు కాబట్టి, మొక్కునే పోటీ అయిన మర్నాటికి మార్చుకోండి. స్వామి ఒక రోజుకు ఏమీ అనుకోడు. ఇన్నాళ్లూ జటల నీడలో ఉన్న మాడుకు ఎండ అలవాటు లేదు, పైకప్పు లేని కొలనులో అయితే సన్‌స్క్రీన్ రాసుకుని దానిపై టోపీ పెట్టుకోండి. గుండుకు పూసిన గంధం కడుక్కున్నాకే నీళ్లలో దిగండి. లేకపోతే పైన ఉత్తరం రాసిన కొలను యజమాని ఈసారి మీ మీద రాస్తారు.